ఒక్క ఆకు బాకీ

రజియా ఆపా ఆ రోజు గుడ్డ మీద నా వంతు ఆకు కుట్టింది నా మీది ప్రేమతోనా, మగ్గం ఆగిపోతుందనా అన్న అనుమానం ఇరవై నాలుగేళ్లుగా నాలో ఉంది. ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని భయం. ఇప్పుడు బొటనవేలితో ఈ నల్ల వైరును లాప్‌టాప్ పక్కన అదిమి పట్టుకుని కూర్చుంటే మళ్ళీ అదే గుర్తొస్తోంది. వేలు కదిలితే చిన్న దీపం ఆరిపోతుంది, దీపం ఆరితే తెర నల్లబడుతుంది, తెర నల్లబడితే మూడు రోజుల లెక్క మొదటికొస్తుంది. బ్యాటరీ చచ్చి ఏడాదైంది. తెర మీద ఆఖరి విడత లెక్కకు తొంభై రెండు శాతం అని ఉంది. వంద కావాలి, పన్నెండు లోపల కావాలి, పన్నెండు గంటలకు మా అమ్మాయి హరిప్రియ కాలేజీలో సార్ల ముందు నిలబడాలి. ఆఖరి అంకె ఒక్కటి లేకపోతే ఈసారికి కుదరదు, ఇంకో ఆరు నెలలు ఆగమని సారు ముందే చెప్పాడట. కాలేజీలో ఉన్న పెద్ద కంప్యూటరు మరమ్మతులో ఉంది, అందుకని మా ఛత్రినాక ఇంట్లో, దేవుడి గూటి కింద, పీట మీద ఇది నడుస్తోంది. గోడ గడియారం పది నలభై చూపిస్తోంది, అది అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది, ఎవరూ సరిచేయరు, ఆ అయిదు నిమిషాలు మా ఇంటికి అలవాటైపోయాయి.

తప్పు నాదే. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మా ఆయన ఆటోకు, కత్తిపీటకు, నా సూదుల డబ్బాకు బొట్లు పెట్టి, పిల్ల చదువు దీనితోనే కదా అని దీనికీ పసుపు రాశాను, అంతా రాశాను, పక్కనున్న చిన్న రంధ్రానికి కూడా భక్తిగా వేలుతో అద్దాను, లోపలికి ఏదైనా చెడు పోకూడదని. అప్పటి నుంచి వైరు వదులు. బాగుచేసే నందు దాన్ని విప్పి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "అక్కా, లోపల పసుపు గడ్డకట్టింది. గిన్నేండ్లల్ల కాఫీ పోసినోళ్లను జూసిన, చాయ్ పోసినోళ్లను జూసిన, దీనికి పేరంటం జేసిన మనిషిని నిన్నే జూసిన" అన్నాడు. సామాను తెప్పించడానికి నాలుగు రోజులన్నాడు, అన్ని రోజులు ఆగితే గడువు దాటిపోతుందని మా పిల్ల అలాగే లెక్క మొదలుపెట్టింది. ఇవాళ పొద్దున దాకా వైరు కింద లలితా సహస్రనామం పుస్తకం ఒత్తు పెడితే నిలిచేది, ఆ తర్వాత మనిషి వేలు తప్ప దేన్నీ ఒప్పుకోవడం లేదు. మంచిదే. చేసిన వేలే మోస్తోంది. కరెంటుకైతే భయం లేదు, పైన అద్దెకుండే కమలకుమారిగారు మూడు రోజులుగా వాళ్ల ఇన్వర్టర్ నుంచి కిటికీలోంచి మాకో తీగ వదిలారు, వాళ్లింట్లో ఒక ఫ్యాను ఆపేసుకుని మరీ. అడగకముందే ఇచ్చారు. గోడకు ఊగుతున్న ఆ తెల్ల తీగను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, కానీ చెయ్యి ఖాళీ లేదు.

తొంభై మూడు. లోపల ఏం జరుగుతోందో నాకు ఏడో తరగతి చదువుకు అందేంత వరకు మా పిల్ల చెప్పింది. అరవై నాలుగు మంది పనివాళ్లు ఒకే పనిని పంచుకుని ఒకేసారి చేసే యంత్రం ఒకటుందనుకో అమ్మా, అంది. ఎక్కడుంది అన్నాను. లేదు, ఉన్నట్టు అనుకోవాలి, అంది. ఈ ఒక్క లాప్‌టాపే ఆ అరవై నాలుగు మంది వేషాలూ వేస్తుంది, మొదటివాడి పని ఒక పిసరు చేసి వాణ్ణి పక్కన పెట్టి, రెండోవాడి పని ఒక పిసరు, మూడోవాడిది, అలా అరవై నాలుగోవాడి దాకా వెళ్లి మళ్ళీ మొదటివాడికి వస్తుంది, లోపల లెక్కకు అందరూ ఒక్క క్షణంలోనే చేసినట్టు. అందుకే లోపల కొన్ని క్షణాలు గడవడానికి బయట మూడు రోజులు. నిజం యంత్రం కొనాలంటే మనవల్ల కాదు, ఇలాగైతే కొనకుండానే ఏ పద్ధతిలో పని తొందరగా తెములుతుందో తేల్చుకోవచ్చు, పనివాళ్లను పెంచొచ్చు, తగ్గించొచ్చు, ఒకణ్ణి కావాలని మందకొడిగా చేసి మిగతావాళ్లకు ఏమవుతుందో చూడొచ్చు. నేను బ్రహ్మదేవుడి పగలు గుర్తుచేసుకున్నాను, ఆయనకు ఒక పగలంటే మనకు ఎన్నో యుగాలని పురాణంలో విన్నాను, ఇక్కడ తిరగబడింది, లోపలివాళ్ల రెప్పపాటు కోసం మేం మూడు రోజులుగా కాచుకుని కూర్చున్నాం. మరి లోపలివాడికి ఆగినట్టు తెలుస్తుందా అని అడిగాను. "వానికి తెల్వదమ్మా. వాని వంతు వచ్చినప్పుడే వానికి టైము నడుస్తది" అంది.

ఆ మాట నాకు ఎంత ఊరటో ఆ పిల్లకు తెలియదు. బోనాల ఆదివారం నాడు మా వీధి నిండా ఆడవాళ్లం నెత్తిన కుండలతో, వేపమండలతో, దీపం ఆరకుండా మెడ నిటారుగా పెట్టి నడుస్తుంటే, వేలమందిమి ఒకేసారి మొక్కుకుంటే అమ్మవారు ఎవరిది ముందు వింటుంది, వెనకబడ్డవాళ్ల మాటేమిటి అని చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. మా అత్త కసురుకునేది, గవన్నీ నీకెందుకే, కుండ జూసుకో అని. ఇప్పుడనిపిస్తుంది, ఆమె కూడా ఒక్కొక్కరినే తీసుకుంటుందేమో, నా దగ్గరికి వచ్చేసరికి ఎంతసేపైనా కానీ నాకు మాత్రం అప్పుడే వచ్చినట్టు ఉంటుందేమో. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, మనల్ని కూడా ఎవరో ఇలా ముందుగా నడిపి చూస్తున్నారేమో, ఏ పద్ధతి బాగుందో తేల్చుకోవడానికి, అని. తప్పు తప్పు అనుకుని లెంపలేసుకోబోయి వేలు గుర్తొచ్చి ఆగిపోయాను. ఎడమచేత్తో ఒక చెంపకే వేసుకున్నాను. అమ్మ సర్దుకుంటుంది.

తొంభై నాలుగు. ఏదో కమురు వాసన. పాలు. పిల్ల వెళ్తూ వైరు నాకు అప్పగించే ముందు పొయ్యి మీద సన్నని మంటకు పాలు పెట్టి వచ్చి కూర్చున్నాను. లేవడానికి లేదు. "కమలకుమారిగారూ" అని పైకి కేకేశాను, రెండోసారి కేక వేసేసరికే మెట్ల మీద చప్పుడు, ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నా పక్కనుంచే వంటింట్లోకి పరిగెత్తి పొయ్యి ఆపేసింది. "సగం గట్టు మీదే ఉన్నాయండీ ఆండాలుగారూ, మిగిలిన సగంతో కోవా చేసుకోవచ్చు" అంటూ బయటికొచ్చి నా వేలు చూసింది. "ఇదేంటండీ, నాడి చూస్తున్న డాక్టరులా కూర్చున్నారు. ఎలా ఉందేంటి పేషెంటుకి?"

"తొంభై నాలుగుందమ్మా."

"జ్వరమైతే తగ్గినట్టే కదండీ" అని నవ్వి, గట్టు కూడా తుడిచి, నా నోట్లో ఇన్ని నీళ్లు పోసి వెళ్లింది. రాజమండ్రి దగ్గరి ఊరి మనిషి, వచ్చిన కొత్తలో మా మాట ఆవిడకు, ఆవిడ మాట నాకు మోటుగా ఉండేవి, ఇప్పుడు నా పొయ్యి ఏ బర్నరు సరిగా వెలగదో కూడా ఆవిడకు తెలుసు.

పొద్దున రజియా ఆపా ఫోన్ చేసింది. మనవరాలి పెళ్లి రేపే, దుపట్టా తనే చేత్తో కుడతానని పట్టుబట్టి ఆరు నెలలు కూర్చుంది, కళ్లలో పొర పెరుగుతున్నా తడిమి తడిమి కుట్టింది, ఇక ఒక్క ఆకు మిగిలింది. "నీ కోసమే ఇడిసిపెట్టిన. వచ్చి కుట్టిపో. నా బాకీ నాకియ్యవా ఏంది?" అంది. వస్తానన్నాను, అప్పటికి వైరు ఇంకా పుస్తకం మీదే ఉంది. తర్వాత రాలేనని చెబితే హౌ, సరే అని పెట్టేసింది. ఆ హౌ చెవిలో ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అడిగాను, పెళ్లిళ్లలో, బజార్లో, రంజాన్‌కు సేమియా గిన్నె తీసుకుని వచ్చినప్పుడు, నీ ఆకు కుట్టి ఇస్తా ఆపా అని. ఎప్పుడూ నవ్వేది, నాకు చెయ్యి ఆడుతున్నన్ని రోజులు నువ్వు కుట్టేదేంది అని. ఇవాళ తనే అడిగింది, ఇవాళే నా చెయ్యి ఖాళీ లేదు.

శాలిబండలో ఆ గది, మేడ మీద, రోడ్డు వైపు మూడు కిటికీలు, నడుమ మంచంలా పరిచిన చెక్క మగ్గం, దాని మీద బిగించిన గుడ్డ, అటు నలుగురు ఇటు ముగ్గురం, కింద కాళ్లు ముడుచుకుని. గుడ్డ మీద పిండితో అచ్చు వేసిన తీగలు, పువ్వులు, ఆకులు. ఎవరి ముందున్నది వాళ్లు కుట్టాలి, అందరిదీ అయితేనే గుడ్డను దండె కర్రకు చుట్టి కొత్త భాగం తెరిచేది, ఒక్కరిది మిగిలినా ఏడుగురూ ఆగాలి, చుట్టినదాన్ని బట్టే అందరికీ కూలి. చెయ్యి తిరిగినవాళ్లకు ఎక్కువ, నాకు తక్కువ వచ్చేలా మగ్గం నడిపే ఉస్తాద్ అచ్చు వేసేవాడు, అయినా ఆఖరున నా ముందు ఒక ఆకు మిగిలేది. మూలన దూలానికి కట్టిన పాత చీర ఉయ్యాలలో మూడు నెలల హరిప్రియ, ఉయ్యాల తాడు రజియా ఆపా కాలి వేలికి, ఆమె చేతులు మగ్గం మీద, వేలు మగ్గం కింద ఊగుతూ, రెండు పనులూ ఒకదానికొకటి తెలియనట్టు. ఆ రోజు మిగతావాళ్లంతా సూదులు దించేసి నన్నే చూస్తున్నారు. "గీ ఆకు రాలినంకనన్న అయితదా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు, గీత కనబడలేదు, దారం రెండుసార్లు తెగింది. అప్పుడు ఆపా కాలి వేలినుంచి తాడు విప్పి, లేచి, మగ్గం చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, జరుగు అని, నా సూదిలో ఆకుపచ్చ దారం ఎక్కించుకుని, ఏ కుట్టు మీద ఆగానో వెతుక్కుని, ఆ ఆకు కుట్టేసింది. "ఒక్క ఆకు బాకీ" అని వెళ్లిపోయింది. తర్వాత ఎన్ని నెలలు, ఎన్ని ఆకులు, ఎన్నిసార్లు, అన్నీ కలిపి ఆమె లెక్కలో మాత్రం ఒక్క ఆకే.

తొంభై ఆరు. వేలు తిమ్మిరెక్కింది, ఎవరిదో వేలులా ఉంది. మా పిల్ల చేస్తున్నది కూడా ఇదే కదా, తన పని అయిపోయిన పనివాడు ఊరికే కూర్చోకుండా వెనకబడ్డవాడి పనిలో కొంత లాక్కుని చేస్తే మొత్తం ఎప్పటికి అవుతుంది, ఆగితే ఎప్పటికి అవుతుంది, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం. ఆగే పద్ధతికి అరవై రెండు లక్షల చిల్లర అడుగులు పట్టినట్టు వచ్చింది. ఇప్పుడు ఈ రెండో పద్ధతికి అంతకన్నా తక్కువ రావాలి. ఇది నీ మగ్గం కథే అమ్మా, చిన్నప్పుడు నువ్వు చెప్పిందే నాకు తట్టింది, అంది ఒకసారి అన్నం తింటూ, నేను పచ్చడి వడ్డించే నెపంతో మొహం తిప్పుకున్నాను. అయితే మా మగ్గాన్ని కూడా అందులో పెట్టి చూడు అన్నాను. నవ్వుతూనే కూర్చుంది. ఎవరికి ఆకుకు ఎన్ని నిమిషాలు పట్టేదో అడిగింది, నాకు పదకొండు, ఆపాకు నాలుగు, మిగతావాళ్లకు అయిదూ ఆరూ, లేచి చుట్టూ తిరిగి వచ్చి మనుషులు జరిగి, దారం మార్చి, ఆగిన చోటు పట్టుకోవడానికి ఎంత, పది. దానికి అమ్మ మగ్గం అని పేరు పెట్టింది. రెప్పపాటులో వచ్చేసింది జవాబు. ఆగితే నూట పద్దెనిమిది నిమిషాలు. చెయ్యేస్తే నూట ఇరవై ఒకటి.

"అరే, ఉల్టా అయింది గదమ్మా. పని పెద్దగ మిగిలుంటేనే సాయం జేస్తే లాభం. ఒక్క ఆకు కోసం అంత దూరం లేచి వస్తే పోయేదే ఎక్కువ. మా లెక్కల ఆపా జేసింది వేస్టు" అంది. నేను మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే. వేస్టు. ఆ రాత్రి దేవుడి ముందు దీపం పెడుతూ ఆ మాటను ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో. మగ్గం కోసం కాదన్నమాట. మగ్గానికి మూడు నిమిషాలు నష్టమే. మరి ఎందుకు? కానీ నా మనసు వెంటనే మెలిక పెట్టింది, ఆపాకు ఈ లెక్క తెలియదు కదా, మగ్గానికి మేలనుకునే చేసిందేమో. అనుమానం ఉన్న మనిషికి అంకెలు కూడా చాలవు.

గేటు దగ్గర ఆటో ఆగింది, మా ఆయన హారన్. పిల్లను కాలేజీ దగ్గర దింపి వస్తున్నాడు. "గిదిగో, దార్ల శాలిబండల దొరికింది, ఎక్కించుకొచ్చిన" అని గుమ్మంలోంచి చెప్పి, సవారీ ఉందని వెళ్లిపోయాడు. గోడ పట్టుకుని లోపలికి వస్తున్నది రజియా ఆపా. చంకలో గుండ్రటి చెక్క ఫ్రేముకు బిగించిన ఎర్ర దుపట్టా, పాత బెడ్‌షీటులో చుట్టి.

"నువ్వు రాలేనంటివి. బాకీ వసూలుకు నేనే వచ్చిన. కిధర్ హై తూ?"

"ఇక్కడ ఆపా, దేవుని గూటి కింద. చెయ్యి తియ్యరాదు."

ఆమె వచ్చి నేల తడిమి కూర్చుంది. విషయమంతా చెప్పాను. నా వేలు మీద వేలు పెట్టి చూసింది, వైరు ఏ వైపు వాలి ఉందో, ఎంత ఒత్తిడి ఉందో తడిమి. "కండ్లే పోయినయి. చెయ్యి పోలే. నాకియ్యి" అంది. తొంభై ఎనిమిది. మూడు రోజులు, ఆరు నెలలు, పిల్ల మొహం. పట్టుకోలేకపోతే? కానీ నలభై ఏళ్లు తలవెంట్రుకంత జరీని వంకర పోనివ్వని చెయ్యి అది, కాలి వేలితో నా పిల్లను ఊపిన మనిషి. ఆమె బొటనవేలు నా వేలి పక్కన వచ్చి ఆనింది, కొంచెం కొంచెంగా లోపలికి జరిగింది, నేను కొంచెం కొంచెంగా బయటికి. మధ్యలో ఒక క్షణం ఇద్దరిదీ ఉంది. చిన్న దీపం వణికింది. నిలిచింది. నా వేలు బయటికొచ్చింది, తెల్లగా, గుంట పడి. అమ్మా తల్లీ అనుకున్నాను, రెండు చేతులూ ఎత్తి మొక్కాను, ఖాళీ అయిన చేతులతో మొదట చేసిన పని అదే.

తర్వాత ఫ్రేము ఒళ్లోకి తీసుకున్నాను. ఎర్ర గుడ్డ, దాని నిండా తీగలు, ఎక్కడా కళ్లు లేని మనిషి కుట్టినట్టు లేదు, కొంగు అంచున ఒక్కచోట పిండి గీతల్లో ఖాళీగా ఒక ఆకు. నా సూదుల డబ్బా పక్కనే ఉంది, మూత మీద దసరా బొట్టు. మొదటి కుట్టు వేయగానే వేళ్లు వాటంతట అవే గుర్తు తెచ్చుకున్నాయి, నిదానంగా, ఎప్పటిలాగే నిదానంగా. ఎదురెదురుగా కూర్చున్నాం, ఆమె నా పని పట్టుకుని, నేను ఆమె పని పట్టుకుని. నోరు ఊరుకోలేదు.

"ఆపా, మా పిల్ల లెక్క కట్టింది. ఆ రోజు నువ్వు నా ఆకు కుట్టుడు దండగంట. మగ్గం మూడు నిమిషాలు లేటయిందంట."

"గది చెప్పనీకె కంప్యూటర్ గావాల్నా? ఉస్తాద్ ఆ దినమే తిట్టిండు నన్ను."

సూది ఆగిపోయింది. "మరెందుకు లేచొచ్చినవ్?"

ఆమె వేలు కదలకుండా మొహం మాత్రం నా గొంతు వైపు తిప్పింది. "అందరు నిన్నే జూస్తుండ్రి. నేను లేచినంక నన్ను జూసిండ్రు. గంతే. కుట్టు, ఊకె ముచ్చట్లు వెట్టకు."

కుట్టాను. ఏ కుట్టు ఎక్కడ పడిందో కాసేపు నాకు తెలియలేదు. ఇరవై నాలుగేళ్లు మోసింది ఇంత చిన్న మాటలో దిగిపోతే ఒళ్లు తేలికై ఎటో పోతున్నట్టు ఉంది. నన్ను చూస్తున్న అయిదు జతల కళ్లకు అడ్డంగా వచ్చి నిలబడింది, అంతే, దానికి నిమిషాలు లేవు, ఆ నూట ఇరవై ఒకటిలో ఎక్కడా లేదు. అమ్మవారు కూడా అంతేనేమో, మన పని తొందరగా తెమల్చదు, మన పక్కకు వచ్చి కూర్చుంటుంది. తొంభై తొమ్మిది అన్నాను పైకి. హౌ, అంది ఆపా. ఈసారి ఆ హౌ వేరు.

తెర మీద పరిగెత్తుతున్న గీతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వంద. కింద ఒక అంకె. చెయ్యి తియ్యకు ఆపా అని అరిచి, ఫోటో తీశాను, నమ్మకం చాలక ఫోన్ కూడా చేశాను, ఒక్కొక్క అంకె కూడబలుక్కుని చదివాను. నలభై ఒక్క లక్షల ఎనభై వేల రెండు వందల అరవై అయిదు. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"తప్పు చదివిన్నా బిడ్డా?"

"లేదమ్మా. ఇంకోసారి చదువు." చదివాను. "మూడో వంతు తగ్గింది. అమ్మా, మూడో వంతు!" పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నీ వేలు ఎట్లుంది?"

"నా వేలు కాదే. రజియా ఆపాది."

గడియారం పదకొండూ ముప్పై అయిదు, అంటే పదకొండున్నర. ఇప్పుడు వదలొచ్చు ఆపా అంటే ఆమె వదల్లేదు, నువ్వు ముడి వేసినంక వదుల్తా అంది. ఇంకో మూడు కుట్లు. ఆకు మొన దగ్గర దారం లోపలికి లాగి, వెనక ముడి వేసి, పంటితో తెంపాను. ఫ్రేమును ఆమె ఒళ్లో పెట్టాను. అప్పుడు ఆమె వైరు వదిలింది, తెర నల్లబడింది, ఎవరికీ నష్టం లేదు. రెండు చేతులతో గుడ్డ అంచు వెతుక్కుంటూ వచ్చి, తన ఆకులన్నీ దాటుకుంటూ వచ్చి, ఒకచోట వేలు ఆగింది. అటొకసారి ఇటొకసారి తడిమింది.

"వంకర" అంది.

"విప్పి మళ్ళ కుట్టాల్నా?"

"నక్కో, ఇప్పకు. గిట్లనే ఉండాలె, నీదని తెల్వాలె." బెడ్‌షీటులో దుపట్టాను మడత పెట్టుకుంటూ, ఇన్నేళ్లూ నవ్వి దాటేసిన మాట ఇవాళ నవ్వకుండా అంది. "బాకీ ముట్టింది పో, ఆండాలు."